ఉచితంగా ఇచ్చినా ఊరకే పుచ్చుకోరు!

బ్యాంకులో ఒకరు వోచరు రాస్తే మరొకరు పాస్ చేయాలి. రాసినవాడి నిజాయితీని శంకించి కాదు, పద్ధతి అది. కంప్యూటరు ప్రోగ్రాముల లోకంలోనూ ఇదే ఆచారం ఉందని మా అన్నయ్యగారి అబ్బాయి వల్ల తెలిసింది. ఇక్కడే బరంపురంలో ఇంజనీరింగు చదువుతున్నాడు. ఎవరైనా చూసి, దిద్దే వీలున్న ఒక ఉచిత సాఫ్ట్‌వేరుకు రెండు నెలలు రాత్రిళ్ళు కూర్చుని కొత్త భాగం రాసి పంపాడు. వాళ్ళు వద్దన్నారు. "ఇక ఈ జోలికి పోను బాబాయ్" అన్నాడు.

వచ్చిన జవాబు చదివి వినిపించమన్నాను. కోపమేమీ లేదందులో. మూడు వేర్వేరు మార్పులు ఒకే మూటలో కట్టాడట. ఎందుకు కావాలో రాయలేదు, పరీక్షించిన దాఖలా లేదు. ముందుగా ఒక మాట అడిగి ఉంటే ఆ పని వేరొకరు చేస్తున్నారని చెప్పేవారట! మూటను విడదీసి మళ్ళీ పంపితే, పదకొండు పంక్తుల చిన్న సవరణ ఒకటి ఆమోదం పొందింది. మిగతావి ఇంకా నలుగుతున్నాయి.

1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్సులోనూ ఇదే నియమం: ఒక సవరణకు ఒకే మార్పు. ఒక్కో విభాగానికి ఒక్కో బాధ్యుడు. 2004 నుంచి పంపినవారు తమ పేరుతో పూచీ పంక్తి కూడా చేర్చాలి.

ఇంత చాదస్తం దేనికంటారా? ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేరును ప్రధానంగా ఒకే ఒక్క స్వచ్ఛంద సేవకుడు, అలసిపోయి నెట్టుకొస్తున్నాడు. జియా టాన్ అనే పేరుతో ఎవరో రెండేళ్ళకు పైగా బుద్ధిగా సాయపడి, పాస్ చేసే అధికారమే సంపాదించి, 2024లో అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఆరా తీయబట్టి మార్చి నెలాఖరులో బయటపడింది. మా ఇన్‌స్పెక్షన్లలో పెద్ద మోసాలు దొరికేదీ ఇలాంటి చిల్లర తేడాలతోనే.

మంచి సవరణలు కూడా చూసే తీరిక ఎవరికీ లేక మూలపడుతుంటాయి. నా దృష్టిలో తిరస్కారం కన్నా ఆ మౌనమే ఎక్కువమందిని వెనక్కి పంపుతుంది.

మన పాత గంజాం జిల్లా పర్లాకిమిడిలో పాఠాలు చెప్పి, సవర భాషకు నిఘంటువు కూర్చిన గిడుగు రామమూర్తి పంతులుగారి పేరిట 'గిడుగు' అనే తెలుగు ఫాంటు ఉంది. సిలికానాంధ్ర వారు వెలువరించిన ఈ ఫాంటును ఎవరైనా వాడవచ్చు, దిద్దవచ్చు. అందులో ఏ వత్తయినా సరిగా కూర్చోలేదనిపిస్తే, ఏ అక్షరం, ఏ పదంలో అని స్పష్టంగా రాసి పంపడానికి ఇంజనీరే కానక్కరలేదు. తెలుగు చదవడం వస్తే చాలు.