కుందేళ్లకు ఇచ్చిన అయొడిను

తరగతిలో గళగండమును గూర్చి చెప్పుచుండగా ఒక విద్యార్థి లేచి, "అయ్యా, మనము తినిన అయొడిను మెడలోని గ్రంథికే పోవునని యెవరు చూచిరి?" అని యడిగెను. ఈ ప్రశ్నకు జవాబు కుందేళ్లవద్ద దొరకినది.

శ్వాసనాళమునకు ముందు, సీతాకోకచిలుక ఆకారమున థైరాయిడు గ్రంథి యుండును. అయొడినును గ్రహించి, శరీరపు వేడిమిని, చురుకుదనమును నడపు రసమును అది తయారుచేయును. ఆ రసము మితిమీరినచో మనుష్యుడు చిక్కిపోవును, గుండె దడదడలాడును, చేతులు వణకును.

1936 నవంబరులో బోస్టను నగర వైద్యుడు సాల్ హెర్ట్జ్, భౌతికశాస్త్రవేత్త కార్ల్ కాంప్టను ఉపన్యాసమును విని, అయొడినును కిరణములు వెలువరించునట్లు చేయవచ్చునా యని విచారించెను. మరుసటి యేడు ఆర్థర్ రాబర్ట్సు అనునతడు న్యూట్రానుల తాకిడిచే అట్టి అయొడినును సిద్ధపరచెను. చిక్కేమనగా, దాని శక్తి 25 నిమిషములలో సగమగును. 50 నిమిషములకు పాతికవంతు మాత్రమే మిగులును. చేతిలో కరగుచున్న మంచుగడ్డను తూచుటవంటి పని! అయినను వారు 48 కుందేళ్లను పరీక్షించిరి. గ్రంథి ఆ అయొడినును తనలో కూడబెట్టుకొనుచుండెను. అతిగా పెరిగిన గ్రంథి మరింత గ్రహించుచుండెను. మామూలు అయొడినుకును దీనికిని గల భేదము గ్రంథికి తెలియదు. చికిత్స యంతయు ఈ తెలియమిపైననే నిలిచినది.

1938లో లివింగుడ్, సీబోర్గ్ అనువారు 8 దినములకు సగమగు అయొడిను-131ను కనుగొనిరి. దీని బీటా కణములు మాంసములో రమారమి రెండు మిల్లీమీటర్లకు మించి పోజాలవు. కావున తమ్ము మ్రింగిన కణజాలమునే అవి దెబ్బతీయును. ఇతరావయవములకు హాని స్వల్పము. పెద్ద మోతాదు గ్రంథిని నాశనము చేయునని కుందేళ్లు, ఎలుకలు మొదలగు జంతువులలో తెలిసినది. మోతాదే ప్రాణము! 1941 మార్చి 31న హెర్ట్జ్ మొదటి రోగికి ఈ విధమైన చికిత్స చేసెను. నేడు థైరాయిడు మితిమీరిన పిల్లులను సహితము పశువైద్యులు పెక్కుమారులు ఒక్క సూదిమందుతోనే నయము చేయుచున్నారు.

మన ప్రాంతమువారు వైద్యమునకై పోవు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ చికిత్స కలదు. గర్భిణులకు దీనిని ఈయరు. మందు పుచ్చుకొన్నవారు కొన్నిదినములు పసిపిల్లలకు ఎడముగా నుండవలెను. అది వెలివేత కాదు, కిరణములు తగ్గువరకు జాగ్రత్త మాత్రమే.

తలిదండ్రులు ఇంకొకటి గమనింపవలెను. మెడ ఉబ్బినదంతయు ఈ రోగము కాదు. అయొడిను చాలకపోయినను గ్రంథి పెరుగును. దానికి నివారణ ఉప్పులోనే యున్నది. దీనిని మన దేశమున నిరూపించినవారిలో ముఖ్యుడు 1921లో శ్రీకాకుళమున జన్మించిన వులిమిరి రామలింగస్వామి. 1956 మొదలు హిమాలయ ప్రాంతమగు కాంగ్రాలోయలో ఆయనయు సహచరులును రెండు మండలములకు అయొడిను కలిపిన ఉప్పును, మూడవదానికి మామూలు ఉప్పును ఇప్పించిరి. మొదటి రెండింట గళగండము బాగుగ తగ్గెను, మూడవదాన తగ్గలేదు. 1962లో ఆ మూడవ మండలమునకును అయొడిను ఉప్పునే పంపిరి.