గోరంత రాడార్

గబ్బిలము చీకటిలో ధ్వనులను వెలువరించి, వాని ప్రతిధ్వనులనుబట్టి ఎదుటి వస్తువును గుర్తించును. రాడార్ యంత్రము ధ్వనికి బదులు రేడియో తరంగములతో ఆ పనినే చేయును.

తరంగములను పంపుటకును, తిరిగి వచ్చినవానిని గ్రహించుటకును ఆంటెనా కావలయును. దాని పొడవు సాధారణముగా తరంగదైర్ఘ్యములో సగముండును. 1939 నాటికి ఇంగ్లండు తూర్పు తీరమున నెలకొల్పిన రాడార్ల తరంగదైర్ఘ్యము 10 మీటర్లకు పైబడినది. ఆ ఆంటెనాలను మోయుటకు 110 మీటర్ల ఉక్కు స్తంభములు నిలుపవలసివచ్చెను.

అంతకు మునుపే, 1894–96 నడుమ, కలకత్తాలో జగదీశచంద్ర బోసు కొన్ని మిల్లీమీటర్ల తరంగములతో ప్రయోగములు చేసి చూపెను. అట్టి తరంగములే నేటి చిన్న రాడార్లకు ఆధారము. 60 గిగాహెర్ట్జుల తరంగపు దైర్ఘ్యము 5 మిల్లీమీటర్లు. కనుక దాని ఆంటెనాకు 2.5 మిల్లీమీటర్లు చాలును.

అయినను చిక్కు లేకపోలేదు. సిలికాను చిప్పునుండి ఆంటెనాకు పొడవైన తీగ సాగినచో శక్తి దారిలోనే క్షీణించును. ఆంటెనాను చిప్పుపైననే ఉంచినచో క్రింది సిలికాను ఆ శక్తిని హరించును. అందువలన ఇంజనీర్లు పెక్కు రాడార్లలో చిప్పును పొదిగిన తొడుగులోనే ఆంటెనాలను అమర్చుదురు.

ఇట్టి రాడార్లు ఇప్పుడు కొన్ని కార్లలో కలవు. ఎండలో మూసియున్న కారులో పెద్దలు పసిబిడ్డను మరచిపోయినచో ప్రాణమునకే ముప్పు. నిద్రించు బిడ్డ కదలదు, పిలువదు. ఱొమ్ము మాత్రము ఊపిరితో కొలది మిల్లీమీటర్లు లేచి పడుచుండును. దుప్పటి కప్పియున్నను 5 మిల్లీమీటర్ల తరంగము ఆ చలనమును పసిగట్టును. యంత్రము వెంటనే హెచ్చరించును.