పది రోజుల దారి ఒక్క రోజులో

పెడనలో ఒక చెల్లెలు ఉందనుకుందాం. బందరులో రోల్డుగోల్డు నగల పనికి రోజూ సైకిలు మీద వెళ్తుంది. పొద్దున్నే వంట చేసి, టిఫిను డబ్బా క్యారేజికి కట్టుకుని బయల్దేరుతుంది. చీకటి పడేలోపు ఇల్లు చేరుతుంది. రానూ పోనూ రోజుకు సుమారు 20 కిలోమీటర్లు.

ఒకరోజు ఆమెకు ఒక సంగతి తెలిసింది. ఒక్క రోజులో 200 కిలోమీటర్లు సైకిలు తొక్కే కార్యక్రమం ఉందట. ఆడవాళ్లు కూడా పాల్గొనవచ్చట.

"నేనూ వెళ్తాను" అంది ఇంట్లో.

అత్తగారు నవ్వింది. "రెండొందల కిలోమీటర్లా? సైకిలు మీదా? పిచ్చి గానీ పట్టిందా అమ్మాయ్?" అంది.

"అవన్నీ మనలాంటోళ్లకి కాదు. కాళ్లు పడిపోతాయి" అన్నాడు భర్త.

ఆమెకూ లోపల భయమే. కాగితం తీసి లెక్క వేసింది. 200ను 20తో భాగించింది. 10 వచ్చింది. తను పది రోజులు తొక్కే దారి అది. ఒక్క రోజులో తొక్కగలదా?

తొక్కగలదు. కానీ రేపే కాదు. మూడు నెలలు సిద్ధమైతే తొక్కగలదు. ఎలా సిద్ధం కావాలో తెలుసుకుందాం.

ఇది పోటీ కాదు

ఇలాంటి దూర ప్రయాణాన్ని 'బ్రెవె' అంటారు. ఇది ఫ్రెంచి మాట. ఈ పద్ధతి ఫ్రాన్సు దేశంలో పుట్టింది. అక్కడ పారిస్ నగరం నుంచి బ్రెస్ట్ అనే ఊరికి వెళ్లి, మళ్లీ పారిస్ చేరే ప్రయాణం ఒకటి ఉంది. దాని దూరం సుమారు 1200 కిలోమీటర్లు. అది 1891లో మొదలైంది. మొదట్లో అందరూ మగవాళ్లే. 1931లో ఆడవాళ్లు కూడా దాన్ని పూర్తి చేశారు. ఇప్పుడది నాలుగేళ్లకు ఒకసారి జరుగుతోంది. 2023లో కూడా జరిగింది.

మన దేశంలో బ్రెవెలను ఆడాక్స్ ఇండియా రాండోనర్స్ అనే సంస్థ చూస్తుంది. హైదరాబాదు వంటి నగరాల్లోని సైకిలు సంఘాలు వాటిని జరుపుతాయి.

ఇందులో మొదటి బహుమతి లేదు. రెండో బహుమతి లేదు. ఎవరు ముందు వచ్చారని చూడరు. గడువులోపు చేరారా లేదా అన్నదే చూస్తారు. 200 కిలోమీటర్లకు గడువు పదమూడున్నర గంటలు. 300 కిలోమీటర్లకు 20 గంటలు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకే గడువు.

దారి మధ్యలో కొన్ని చోట్లు ముందే చెబుతారు. అక్కడ చేరినట్టు కార్డు మీద ముద్ర వేయించుకోవాలి, లేదా వాళ్లు అడిగిన రుజువు చూపాలి. దారిలో టైరు పంక్చరైతే ఎవరి బండి వాళ్లే బాగు చేసుకోవాలి. వెనకాల కారులో మనుషులు వచ్చి సాయం చేస్తామంటే కుదరదు. తలకు హెల్మెట్ ఉండాలి. చీకట్లో తొక్కేటప్పుడు ముందూ వెనకా లైట్లు ఉండాలి.

గేర్ల సైకిలే ఉండాలన్న నియమం లేదు. మామూలు సైకిలు మీదా వెళ్లవచ్చు. కాకపోతే బరువు సైకిలుకు ఓపిక ఎక్కువ కావాలి.

లెక్క ఏం చెబుతుంది?

గంటకు 15 కిలోమీటర్లు తొక్కితే 200 కిలోమీటర్లకు 13 గంటల 20 నిమిషాలు పడుతుంది. గడువుకు మిగిలేది 10 నిమిషాలే. ఒక్క పంక్చరుకే అది చాలదు. ఇక తినడానికి టైము ఏదీ?

గంటకు 18 కిలోమీటర్లు తొక్కితే సుమారు 11 గంటల 7 నిమిషాలు పడుతుంది. రెండు గంటల పైన మిగులుతుంది.

గంటకు 20 తొక్కితే 10 గంటలు. మూడున్నర గంటలు మిగులుతుంది.

అంటే గుర్రంలా పరుగెత్తక్కర్లేదు. ఆగకుండా, అలసిపోకుండా, ఒకే తీరుగా తొక్కాలి. పక్కన ఉన్న మనిషితో మాట్లాడుతూ తొక్కగలిగితే అదే సరైన వేగం. ఆయాసంతో మాట రాకపోతే వేగం తగ్గించాలి.

పన్నెండు వారాలు

రోజూ పనికి తొక్కే 20 కిలోమీటర్లు ఎలాగూ ఉన్నాయి. ఆమె చేయాల్సింది ఆదివారం దూరం పెంచడం. ఒక్కసారిగా పెంచితే మోకాళ్లు పట్టేస్తాయి. కొంచెం కొంచెంగా పెంచాలి.

మొదటి వారం 30 కిలోమీటర్లు. రెండో వారం 40. మూడో వారం 50. నాలుగో వారం మళ్లీ 40. తగ్గించడం తప్పు కాదు. కండలు గట్టిపడేది విశ్రాంతిలోనే.

ఐదో వారం పెడన నుంచి గుడివాడ వెళ్లి రావచ్చు. సుమారు 55 కిలోమీటర్లు. ఆరో వారం 70. ఏడో వారం బందరు, చల్లపల్లి, మోపిదేవి మీదుగా అవనిగడ్డ వెళ్లి రావచ్చు. 85 దాకా అవుతుంది. ఎనిమిదో వారం మళ్లీ తగ్గించి 60.

తొమ్మిదో వారం అవనిగడ్డ దాటి నాగాయలంక దాకా. రానూ పోనూ 100 దాటుతుంది. పదో వారం 120. పదకొండో వారం గుడివాడ మీదుగా విజయవాడ వెళ్లి రావడం. సుమారు 140. ఈ 140 తొక్కగలిగిన మనిషి 200 కూడా తొక్కగలదు. పన్నెండో వారం బాగా తగ్గించాలి. కాళ్లకు విశ్రాంతి, కంటికి నిద్ర కావాలి. ఆ వారం చివర అసలు ప్రయాణం.

గాలే మన కొండ

మన డెల్టాలో కొండలు లేవు. రోడ్డంతా చదునే. అందుకని తేలిక అనుకోవద్దు. ఎదురుగాలి వీస్తే చదును రోడ్డు కూడా ఎక్కుడు దారే.

సముద్రం దగ్గర గాలి పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా ఉంటుంది. ఎండకు నేల త్వరగా కాగుతుంది. సముద్రం అంత త్వరగా కాగదు. అందుకే పగలు పొద్దెక్కాక సముద్రం నుంచి నేల మీదికి గాలి తోలుతుంది. గుడివాడ వాళ్లు పొద్దున్నే బందరు వెళ్లి మధ్యాహ్నం తిరిగి వస్తే ఆ గాలి వెనక నుంచి నెడుతుంది. చలికాలంలో ఈశాన్యం గాలి ఉంటుంది. అప్పుడు నాగాయలంక నుంచి బందరు వైపు తిరిగి రావడం కష్టం. అందుకే వెళ్లేటప్పుడే ఓపికంతా ఖర్చు పెట్టకూడదు. సగం కన్నా ఎక్కువ దాచుకోవాలి.

ఎదురుగాలిలో కొంచెం ముందుకు వంగి తొక్కాలి. నలుగురు ఉంటే ఒకరి వెనక ఒకరు వెళ్లాలి. ముందున్నవాళ్లు గాలిని ఆపుతారు. కాసేపటికి వెనకవాళ్లు ముందుకు రావాలి.

తుపాను హెచ్చరిక ఉంటే సైకిలు ఇంట్లోనే ఉండాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన దివిసీమకు గాలి సంగతి ఒకరు చెప్పక్కర్లేదు.

కోతల కాలంలో రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. దాని మీద చక్రం జారుతుంది. శీతాకాలం తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది. వెనక లైటు లేని ట్రాక్టర్లు ఆగి ఉంటాయి. బాగా వెలుగు వచ్చాకే వేగం పెంచాలి.

సైకిలు సంగతి

సీటు ఎత్తు ముందు చూసుకోవాలి. పెడలు కిందికి వచ్చినప్పుడు దాని మీద మడమ పెడితే కాలు నిటారుగా ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాళ్లు నొప్పి పుడతాయి.

బ్రేకు రబ్బర్లు అరిగితే మార్చాలి. చైనుకు నూనె వేయాలి. టైర్లలో గాలి నిండుగా ఉండాలి. వెంట ఒక కొత్త ట్యూబు, చిన్న పంపు, పంక్చరు అతుకులు, సొల్యూషను, పానా ఉండాలి. పంక్చరు వేయడం పెద్ద విద్య కాదు. సైకిలు షాపులో రెండుసార్లు చూసి, ఇంటి దగ్గర నాలుగుసార్లు చేస్తే చెయ్యి తిరుగుతుంది.

చీర కుచ్చెళ్లు, చున్నీ చైనులో పడితే ప్రమాదం. పంజాబీ డ్రెస్సు అయితే చున్నీ ముడి వేసుకోవాలి. ప్యాంటు అంచుకు రబ్బరు బ్యాండు పెట్టుకోవాలి. లోపల వేసుకునే బట్టల కుట్లు మందంగా ఉంటే ఒరుసుకుని పుండు పడుతుంది. అందుకే ప్రయాణం రోజున కొత్త బట్టలు వేసుకోకూడదు. ముందే వేసుకుని తొక్కి చూసినవే వేసుకోవాలి.

నీళ్లు మానకూడదు

ఆడవాళ్లు దారిలో ఒక తప్పు చేస్తారు. మరుగుదొడ్డి దొరకదని నీళ్లు తాగడం మానేస్తారు. ఇది చాలా ప్రమాదం. వడదెబ్బ తగులుతుంది. మూత్రంలో మంట, జ్వరం వస్తాయి.

నీళ్లు మానడం కాదు, చోటు ముందే చూసుకోవాలి. చల్లపల్లి, అవనిగడ్డ, గుడివాడ బస్టాండ్లు ఉన్నాయి. పెట్రోలు బంకులు ఉన్నాయి. ఆదివారం ప్రయాణాల్లో వీటిని గుర్తు పెట్టుకోవాలి. కాగితం మీద రాసుకుంటే ఇంకా మంచిది. చదువు వచ్చింది ఇందుకే కదా!

గంటకు సుమారు అర లీటరు నీళ్లు కావాలి. ఎండ ఉంటే ఇంకా ఎక్కువ. దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు తాగాలి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. అందుకే ఉప్పు వేసిన మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు మంచివి. లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి తాగవచ్చు. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి.

ఆకలి వేసేదాకా కూడా ఆగకూడదు. గంటకోసారి కొంచెం తినాలి. అరటిపండు, ఇడ్లీ, వేరుశనగ ఉండలు, పెరుగన్నం చాలు. బందరు లడ్డు ముక్క కూడా బలమే. కానీ కడుపు నిండా తింటే తొక్కలేరు.

ఒంటి మాట వినాలి

మొదలుపెట్టే ముందు ప్రభుత్వ ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేయించుకోవాలి. గర్భిణి కాని ఆడవాళ్లకు హీమోగ్లోబిన్ 12 అయినా ఉండాలి. తక్కువ ఉంటే ముందు దాన్ని పెంచుకోవాలి. గర్భిణులు, గుండె జబ్బు, బీపీ, ఆయాసం ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి.

నెలసరి వచ్చినా, ఒంట్లో బాగుంటే తొక్కవచ్చు. నాలుగైదు గంటలకోసారి ప్యాడు మార్చుకోవాలి. నొప్పి ఎక్కువైనా, కళ్లు తిరిగినా ఆగిపోవాలి.

తల తిరగడం, వాంతి రావడం, ఎండలో వణుకు, మాట తడబడటం వడదెబ్బ గుర్తులు. వెంటనే నీడలో పడుకోబెట్టాలి. ఒంటి మీద నీళ్లు చల్లి విసరాలి. 108కి ఫోను చేయాలి. మధ్యలో ఆగిపోవడం ఓటమి కాదు. దారి ఎక్కడికీ పోదు. ప్రాణం ముఖ్యం.

ఇంట్లో వాళ్ల సంగతి

అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ఆదివారం గంటల తరబడి ఆమె ఇంట్లో ఉండదు. వంట ఎవరు చేస్తారు? పిల్లల్ని ఎవరు చూస్తారు? నలుగురూ ఏమంటారు?

ఈ మాటలు తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లా ఆడవాళ్లు కూడా పడ్డారు. 1990ల మొదట్లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమంలో చదువుతో పాటు సైకిలు కూడా నేర్పారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అందుకు పూనుకున్నారు. రాతి క్వారీల్లో పనిచేసే ఆడవాళ్లు, పొలం కూలీలు, నర్సులు, టీచర్లు సైకిలు నేర్చుకున్నారు. లేడీస్ సైకిళ్లు చాలక మగవాళ్ల సైకిళ్లే తొక్కారు. ముందున్న కడ్డీ మీద బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చు అన్నారు. 1992లో మహిళా దినోత్సవం నాడు 1500 మందికి పైగా సైకిళ్ల మీద ఊరేగింపుగా కదిలారు. మొదట నవ్వినవాళ్లు తర్వాత నవ్వడం మానేశారు.

పెడన చెల్లెలు కూడా ఇంట్లో పోట్లాడలేదనుకుందాం. లెక్క రాసిన కాగితం భర్త ముందు పెట్టింది. "పోటీ కాదు. గడువు ఇంత. నా వేగం ఇంత. మూడు నెలలు ఆదివారం పొద్దున అన్నం నువ్వు వండాలి" అంది. అతను కాగితం రెండుసార్లు చదివాడు. "కూర మాత్రం నాకు రాదు" అన్నాడు. "పచ్చడి ఉంది" అంది అత్తగారు.

అలా మొదటి ఆదివారం వచ్చింది. 30 కిలోమీటర్లు.

చెప్పండి చూద్దాం

1. మీ ఊరి నుంచి బందరు ఎంత దూరం? గంటకు 15 కిలోమీటర్లు తొక్కితే ఎంతసేపు పడుతుంది?
2. పొద్దున 6 గంటలకు బయల్దేరితే 200 కిలోమీటర్ల గడువు ఎన్ని గంటలకు ముగుస్తుంది? అప్పటికి లైటు కావాలా, వద్దా?
3. దారిలో నీళ్లు తాగడం మానేస్తే ఏమవుతుంది?
4. మీ ఇంట్లో ఆదివారం పొద్దున మీ పని ఇంకెవరు చేయగలరు? వాళ్లను ఎప్పుడైనా అడిగారా?