పశువులలో కాలి పైభాగపు కుంటుతనం: నిర్ధారణ, చికిత్స

కాజీపేట, హనుమకొండ, వరంగల్ పరిసర గ్రామాలలో ఎద్దు దున్నకానికీ, పత్తి సాళ్లలో గుంటుక తోలడానికీ నేటికీ ఆధారం. నగరపు అంచులలో పాడి పశువులను తరచుగా గచ్చు నేలపైనే కట్టి పోషిస్తారు. ఈ రెండు పరిస్థితులలోనూ కుంటుతనం రైతుకు తీవ్ర నష్టం కలిగిస్తుంది. కుంటే పశువు మేత తగ్గించి, పాలు తగ్గి, ఎదకు వచ్చినా ఆ లక్షణాలను స్పష్టంగా చూపదు. చివరకు రైతు దానిని అయినకాడికి అమ్ముకుంటాడు. అలా అమ్ముడుపోయే పశువులలో కొన్ని సకాలంలో సరైన నిర్ధారణ జరిగితే కోలుకోదగినవే.

ముందుగా గిట్ట పరీక్ష

పాడి పశువుల కుంటుతనంలో సుమారు 90 శాతం గిట్టకు సంబంధించినదే. కావున తుంటినో జబ్బనో అనుమానించే ముందు గిట్టను శుభ్రంగా కడిగి, అరికాలినీ గిట్టల మధ్య సందునూ పరీక్షించి, గిట్టను పట్టకారుతో నొక్కి చూడాలి. పుండు, మేకు, చీము ఏవీ లేనప్పుడే దృష్టిని పైకి మళ్లించాలి. సందేహం తీరకపోతే కాలికి రబ్బరు పట్టీ బిగించి, దాని కింది సిరలోకి అడ్రినలిన్ కలపని 2 శాతం లిగ్నోకెయిన్ 15 నుండి 20 మి.లీ. ఎక్కించాలి. మత్తు పట్టిన తరువాత కూడా కుంటు తగ్గకపోతే లోపం పైభాగంలో ఉన్నదని భావించవచ్చు.

నిలకడ, నడక

పశువును మొదట నిలబెట్టి, తరువాత గట్టి సమతల నేలపై నడిపించి చూడాలి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలను తాకినప్పుడు తల పైకెత్తుతుంది. కాలిని ముందుకు వేయడంలోనే ఇబ్బంది కనిపించి అడుగు కురచగా పడితే, లోపం పై కీళ్లలో, కండరాలలో లేదా నాడులలో ఉండే అవకాశం ఎక్కువ. తరువాత రెండు వైపులా కండరాలను పోల్చి, ప్రతి కీలునూ మడిచి, చాచి, పక్కకు కదిపి చూడాలి. కరకర శబ్దం వినిపిస్తే ఎముక విరిగినదేమో అని అనుమానించాలి.

మోకాలిచిప్ప బిగుసుకుపోవడం

సేద్యపు ఎద్దులలోనూ, గేదెలలోనూ తరచుగా కనిపించే లోపమిది. మోకాలిచిప్ప లోపలి వైపు బంధనం తొడ ఎముక గట్టుపైకి ఎక్కి తగులుకొంటుంది. అప్పుడు వెనుక కాలు వెనుకకు చాచి బిగుసుకొని, గిట్ట కొన నేలకు రాసుకొంటుంది. బంధనం విడిపోగానే కాలు ఒక్కసారిగా ముందుకు జాడిస్తుంది. విశ్రాంతి తరువాత తొలి అడుగులలో ఈ లక్షణం స్పష్టంగా కనిపిస్తుంది. జ్వరం గానీ, వాపు గానీ సాధారణంగా ఉండవు. దీనిని బెణుకుగా భావించి వాతలు పెట్టించడం వల్ల ప్రయోజనం లేదు. స్థానిక మత్తు ఇచ్చి లోపలి బంధనాన్ని కత్తిరించే చిన్న శస్త్రచికిత్సతో సాధారణంగా వెంటనే ఉపశమనం లభిస్తుంది. అయితే మధ్య బంధనాన్ని పొరపాటున కోయకుండా మూడు బంధనాలనూ వేలితో గుర్తించిన తరువాతే కత్తి పెట్టాలి. గాయం మానేవరకు పనికి కట్టరాదు.

తుంటి కీలు తప్పడం

పశువు గచ్చుపై జారిపడినప్పుడు, ఈత సమయంలో, ఎదలో ఒకదానిపై ఒకటి ఎక్కినప్పుడు ఈ ప్రమాదం సంభవిస్తుంది. తొడ ఎముక తల ఎక్కువగా ముందుకు, పైకి తప్పుతుంది. అప్పుడు కాలు పొట్టిగా కనిపించి, గిట్ట బయటికి తిరుగుతుంది. తుంటి ఎముక ముందు కొన, వెనుక కొన, తొడ ఎముక పై గుబ్బ ఈ మూడింటి మధ్య దూరాలను రెండు వైపులా కొలిచి పోల్చితే నిర్ధారణ సులువవుతుంది. వెనుకకు, కిందికి తప్పినట్లయితే మలద్వార పరీక్షలో ఎముక తల చేతికి తగలవచ్చు.

ఇక్కడ కాలమే ప్రధానం. తొలి 24 గంటలలో మత్తు ఇచ్చి, కాలిని లాగి కీలును యథాస్థానంలో కూర్చోబెడితే ఫలితం ఆశించవచ్చు. ఆలస్యమైనకొద్దీ కండరాలు బిగుసుకొని, కీలుగుంట రక్తపు గడ్డతోనూ కణజాలంతోనూ నిండిపోతుంది. గుర్రాలకు ఇచ్చే జైలజీన్ మోతాదులో సుమారు పదో వంతే పశువులకు సరిపోతుంది. నిండు చూడి పశువులకు ఆ మందును వాడకపోవడం మంచిది.

నాడులు, కీళ్లు

గట్టి నేలపై ఎక్కువసేపు ఒకే పక్కన పడుకోబెడితే రేడియల్ నాడి దెబ్బతిని, మోచేయి కిందికి జారి, గిట్ట ముందుభాగం నేలపై ఈడుస్తుంది. శస్త్రచికిత్స సమయంలో భుజం కింద గడ్డి లేదా గోనెసంచుల పరుపు వేసి, కింది కాలిని ముందుకు లాగి ఉంచితే దీనిని నివారించవచ్చు. కాడి ఒత్తిడి వల్ల జబ్బ నాడి దెబ్బతింటే అక్కడి కండరం క్రమంగా కృశిస్తుంది. అటువంటి ఎద్దుకు దీర్ఘ విశ్రాంతి ఇచ్చి, కాడిని సరిచేయాలి.

దూడలలో కీళ్లు వాచి జ్వరం ఉంటే బొడ్డును తప్పక పరీక్షించాలి. కీలులోని ద్రవం పలుచబడి, మసకబారి ఉంటే చీము పట్టినదని గ్రహించి, ఆలస్యం లేకుండా కీలును శుద్ధ సెలైన్‌తో కడిగి, యాంటీబయాటిక్ చికిత్స ప్రారంభించాలి. పుట్టిన వెంటనే బొడ్డుకు అయోడిన్ పూసి, తొలి గంటలలోనే జున్నుపాలు తాగించడం ఉత్తమ నివారణ.

నొప్పి మందుల విషయంలో జాగ్రత్త

నొప్పి తగ్గించే మందు నిర్ధారణకు ప్రత్యామ్నాయం కాదు. మందుతో నొప్పి తగ్గిన పశువును పనికి తోలితే విరిగిన ఎముక మరింత చెదరవచ్చు. రాబందులకు ప్రాణాంతకమైనందున మన దేశంలో పశువులకు డైక్లోఫెనాక్‌ను 2006లో, కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో నిషేధించారు. వాటికి బదులు కిలో శరీర బరువుకు 0.5 మి.గ్రా. చొప్పున మెలాక్సికామ్ వాడవచ్చు.

విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు ప్రధానంగా చెప్పవలసినది ఒక్కటే. గిట్టలో లోపం కనిపించని పశువు కాలు మోపలేకపోతే మరునాటి వరకు వేచి చూడకుండా 1962 సంచార పశువైద్య సేవను గానీ, సమీప పశువైద్యశాలను గానీ సంప్రదించాలి. శస్త్రచికిత్స అవసరమైన పశువులను మామునూరులోని పశువైద్య కళాశాల వంటి కేంద్రాలకు పంపే ముందు ప్రమాదం జరిగిన సమయం, అప్పటికే ఇచ్చిన మందులు రాసి పంపితే చికిత్స నిర్ణయం త్వరగా జరుగుతుంది.