వాపును బలుపనుకొన్న దినములు

వైద్యవిద్యార్థినిగా మలావీ దేశమందలి బ్లాంటైర్ నగరమునకు పోయి, అచటి శిశుపోషణ కేంద్రమొకదానిలో కొంతకాలము పని నేర్చుకొంటిని. మొదటి ఉదయమున నాకు చూపిన బిడ్డ రెండేండ్లవాడు. బుగ్గలు నిండుగా ఉబ్బి, పాదములు నున్నగా మెఱయుచుండ, జుట్టు మాత్రము రాగిరంగు తిరిగి, తల్లి ఒడిలో ముఖము త్రిప్పుకొని కూర్చుండెను. బొద్దుగనే యున్నాడు గదా యనుకొంటిని. నర్సు వాని పాదమును బొటనవ్రేలితో అదిమి తీయగా ఏర్పడిన గుంట చాలసేపు పూడలేదు. వాపును చూచి బలుపనుకొనుట యను మన సామెతకు ఇంతకంటె క్రూరమైన దృష్టాంతమును నేనెఱుగను.

ఈ వ్యాధిని 1933లో వైద్యలోకమునకు వర్ణించి చెప్పినది గోల్డుకోస్టున, అనగా నేటి ఘనాలో, పనిచేసిన సిసిలీ విలియమ్స్ అను వైద్యురాలు. 1935లో ఆమె వాడిన 'క్వాషియోర్కర్' అను పేరు అచటి 'గా' భాషలోనిది. తరువాతి బిడ్డ పుట్టగా చనుబాలకు దూరమైన పసివానికి వచ్చు జబ్బని దాని భావము. మాంసకృత్తుల లోపమే దీనికి మూలమని పండితులు చాలకాలము తలచిరి. అయితే మన హైదరాబాదులోని పోషణ పరిశోధనాలయమున పనిచేసిన సి. గోపాలన్ గారు, ఎండి కృశించు బిడ్డలును ఉబ్బు బిడ్డలును తినెడి ఆహారములలో చెప్పదగిన భేదము లేదని 1968లో వాదించిరి. ఆ చిక్కుముడి నేటికిని పూర్తిగా విడలేదు.

పస్తులున్న బిడ్డకు కడుపార పెట్టవలెనను కోరికకంటె సహజమైనది మఱేమున్నది? కాని, కరవులో వ్యయము కుదించుకొన్న సంసారమువలె, ఆ దేహమున గుండెయు, కాలేయమును, మూత్రపిండములును తమ పనిని తగ్గించుకొనియుండును. అట్టి యింటిపై ఒక్కమారుగా పెండ్లివారు వచ్చి పడినట్లు ఆహారమును, ఉప్పును, నీటిని క్రుమ్మరించినచో ఆ గుండె భరింపజాలదు. అందుచేత మొదట 'ఎఫ్-75' అను పాలమిశ్రమమును, 100 మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలు మాత్రమే యుండుదానిని, రెండు మూడు గంటలకొకమారు, రాత్రివేళ సైతము నిద్రలేపి, కొలిచి పట్టవలెను. రక్తహీనత కంటికి కనబడుచున్నను ఆ దినములలో ఇనుము ఈయరాదు. అది రోగక్రిములకే తోడ్పడవచ్చును.

మూడవనాడు వాని బరువు తగ్గినది. నేను తత్తరపడి పత్రమును చూపగా నర్సు సంతోషించెను. ఒంట నిలిచిన నీరు మూత్రమై వెడలిపోవుచున్నదట. ఉబ్బిన బిడ్డకు బరువు తగ్గుటయే తొలి శుభసూచకమట. నిజమైన కండ ఆ పిమ్మటనే పట్టును.

వాపు దిగి ఆకలి మరలిన దినమున వేరుశనగముద్ద చేతికిచ్చిరి. ఆంద్రే బ్రియాండ్ అను ఫ్రెంచి వైద్యుడు 1990ల మధ్యకాలమున రూపొందించిన ఈ ముద్దలో పాలపొడి, చక్కెర, నూనె, విటమినులు, ఖనిజములు కలిసియుండును. 92 గ్రాముల పొట్లమున 500 కిలోకేలరీలు. నీరు దాదాపు లేనందున క్రిములు పెరుగవు, వండనక్కఱలేదు. తల్లి తన గుడిసెలోనే పెట్టుకొనవచ్చును. మలావీవారు దీనిని 'చిపొండే' యందురు. ఎంత తిన్నాడో చూడవలెనని నేను చేయి చాపగా, వాడు ఆ పొట్లమును రెండుచేతుల ఱొమ్మునకు అదుముకొని, మొదటిసారిగా నా ముఖమువంక సూటిగా చూచెను.