కిటికీ గడియ విరిగితే

కార్తీక మాసం. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఒక పెంకుటిల్లు. ఇంట్లో అత్తా, కోడలూ, మూడేళ్ళ పిల్లాడూ ఉంటున్నారు. కొడుకు కువైట్‌లో పని చేస్తున్నాడు.

ఆ ఇంటి తూర్పు కిటికీకి గడియ పిడి విరిగి రెండు నెలలైంది. రెక్కను దగ్గరికి లాగి, చీర పేలికతో ఊచకు కట్టేవారు. గాలి వస్తే రెక్క టపటపా కొట్టుకునేది. వడ్రంగికి చెబుదాం, చెబుదాం అనుకుంటూనే రోజులు గడిచాయి.

ఇంతలో తుపాను వస్తోందని కబురు వచ్చింది. ఇంకా మూడు రోజులుంది. కోడలు వడ్రంగి ఇంటికి పరుగెత్తింది. "పదిళ్ళలో పని ఒప్పుకున్నానమ్మా. తుపాను వెళ్ళాకే వస్తాను" అన్నాడతను.

కోడలు ఇంటికొచ్చి, "పేలిక ఇంకో రెండు చుట్లు చుడితే ఆగదంటారా అత్తయ్యా?" అని అడిగింది.

"ఆగదమ్మాయ్! తొంభై ఆరులో మేం కట్టింది కొబ్బరి తాడు. అదే తెగింది. కిటికీ తెరుచుకున్న కాసేపటికే పెంకులు లేచిపోయాయి. మీ ఆయన్ని చంకనేసుకుని మంచం కింద దూరాను" అంది అత్త.

ఆమె చెప్పింది 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను తాకిన తుపాను సంగతి. వెయ్యిమందికి పైగా చనిపోయారు. లక్షల కొబ్బరి చెట్లు పడిపోయాయి.

కిటికీ తెరుచుకుంటే కప్పు ఎందుకు లేస్తుంది? పెనుగాలి కిటికీలోంచి లోపలికి జొరబడుతుంది. బయటికి పోదామంటే దారి ఉండదు. అందుకని గోడల్నీ, కప్పునీ లోపలి నుంచి తోస్తుంది. అదే సమయంలో కప్పు మీదుగా పోయే గాలి కప్పును పైకి లాగుతుంది. కింద నుంచి తోపు, పై నుంచి లాగుడు. రెండూ కలిస్తే పెంకులైనా, రేకులైనా నిలవడం కష్టం.

"అయితే మనమే వేద్దామండీ" అంది కోడలు. అత్తకు నమ్మకం కుదరలేదు. అయినా కాదనలేదు.

ముందు పాత గడియ ఎందుకు విరిగిందో చూడాలి. చాలామంది ఈ సంగతి మరిచిపోతారు. కొత్తది కొని బిగిస్తారు. అది ఆరు నెలలకే మళ్ళీ విరుగుతుంది. తప్పు గడియది కాదు. రెక్కను పట్టి ఉంచే బందులు వదులైతే రెక్క కిందికి జారుతుంది. అప్పుడు గడియ కడ్డీ, చట్రంలో ఉన్న బెజ్జం ఎదురెదురుగా ఉండవు. పిడి పట్టుకుని బలవంతాన నెడతారు. రోజూ నెడితే ఇనుమైనా విరుగుతుంది.

కోడలు రెక్కను పట్టుకుని పైకి ఎత్తి చూసింది. రెక్క ఊగింది. పై బందు స్క్రూలు రెండు వదులై ఉన్నాయి. రెక్క కింద ఒక చెక్కముక్క దోపి, రెక్కను సరిగ్గా నిలబెట్టి, ఆ స్క్రూలు బిగించింది. సగం పని అక్కడే అయిపోయింది.

వానాకాలంలో రెక్క ఉబ్బి కూడా పట్టేస్తుంది. అలాంటప్పుడు తొందరపడి ఎక్కువ చిత్రిక పట్టకూడదు. ఎండాకాలంలో చెక్క ఎండి, వేలు దూరేంత సందు పడుతుంది.

తరువాత పాత గడియ తియ్యాలి. స్క్రూను ఎడమ వైపుకి తిప్పితే వస్తుంది. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది కదా, అందుకే అక్కడ ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన స్క్రూ తిరగదు. బలంగా తిప్పితే దాని తల మీది గాడి అరిగిపోతుంది. ఆ తరువాత వడ్రంగికీ కష్టమే. స్క్రూ మీద రెండు చుక్కలు కిరసనాయిలు వేసి గంటసేపు వదిలెయ్యాలి. సుత్తితో తల మీద మెల్లగా నాలుగు దెబ్బలు కొట్టి, అప్పుడు తిప్పాలి. మొదట కొంచెం కుడికి తిప్పి, తరువాత ఎడమకి తిప్పితే తుప్పు విడుతుంది. చెయ్యి గీసుకుంటే సబ్బుతో కడిగి, ఆసుపత్రికి వెళ్ళి ధనుర్వాతం సూది గురించి అడగాలి.

ఊడదీసిన గడియను, ఒక స్క్రూను దుకాణానికి తీసుకుపోవడం మంచిది. నోటితో చెబితే ఒకటడిగితే ఒకటిస్తారు. కోడలు పిల్లల స్కేలుతో కొలిచి కాగితం మీద కూడా రాసుకుంది: గడియ 6 అంగుళాలు, బెజ్జాలు 8, స్క్రూ ముప్పావు అంగుళం. దుకాణదారు 4 అంగుళాలది చేతికిచ్చి "అన్నీ ఒకటేనమ్మా" అన్నాడు. ఆమె కాగితం చూపించింది. మాట్లాడకుండా ఆరు అంగుళాలది తీశాడు.

సముద్రం దగ్గర ఇళ్ళకి ఇత్తడి గడియ మేలు. ధర ఎక్కువే, కానీ ఇనుములా తుప్పు పట్టదు. ఇత్తడి గడియకు స్క్రూలు కూడా ఇత్తడివే వాడాలి. ఇత్తడికి ఇనప స్క్రూ తగిలించి, దాని మీద తేమ చేరితే ఇనుము మరీ తొందరగా తినేస్తుంది. గడియ బాగానే ఉంటుంది, స్క్రూ పోతుంది. ఇక గడియ ఉండి ఏం లాభం?

పాత బెజ్జాల్లో ఒక మేకుతో గుచ్చి చూడాలి. చెక్క గట్టిగా ఉంటే భయం లేదు. మేకు మెత్తగా లోపలికి దిగితే చెక్క పుచ్చినట్టు. దానికి మాత్రం వడ్రంగి రావాల్సిందే. ఈ కిటికీ చెక్క గట్టిదే, కానీ బెజ్జాలు పెద్దవైపోయాయి. స్క్రూ పెడితే గుండ్రంగా తిరుగుతోంది, పట్టడం లేదు. కోడలు అగ్గిపుల్లల తలలు విరిచేసింది. పుల్లలకి చెక్క అంటించే జిగురు పూసి, బెజ్జంలో కిక్కిరిసేలా దోపింది. రాత్రంతా ఆరనిచ్చింది. పొద్దున్న బయటికి పొడుచుకొచ్చిన పుల్లల్ని కత్తితో కోసేసింది.

"మేకులు కొట్టెయ్యరాదూ, తొందరగా అవుతుంది" అంది అత్త. మేకు నున్నగా ఉంటుంది. రెక్క అదిరినప్పుడల్లా కొంచెం కొంచెం బయటికి వస్తుంది. స్క్రూకి మరలుంటాయి. అవి చెక్కను కరిచి పట్టుకుంటాయి.

కోడలు లోపల నిలబడింది. అత్త బయట నుంచి రెక్కను అదిమి పట్టుకుంది. కోడలు కొత్త గడియను రెక్క మీద పెట్టి, కడ్డీని చట్రం బెజ్జంలోకి దింపింది. అలా దింపి ఉంచే స్క్రూల చోట్ల పెన్సిలుతో గుర్తులు పెట్టింది. ఈ గుర్తులు తప్పితే మళ్ళీ పాత కథే.

ఆ తరువాత రెక్క తెరిచి, బయటికి వచ్చి పని మొదలుపెట్టింది. గుర్తు మీద స్క్రూ కంటే సన్నటి మేకుతో చిన్న బెజ్జం చేసింది. లేకపోతే చెక్క చీలుతుంది. ఇత్తడి మెత్తన. గట్టి చెక్కలో తిప్పితే తల తెగిపోతుంది. అందుకని అదే సైజు ఇనప స్క్రూను ముందు తిప్పి, దారి చేసి, తీసేసింది. ఇత్తడి స్క్రూకి కొవ్వొత్తి మైనం రాసి అదే దారిలో బిగించింది. మొదట రెండు స్క్రూలే పెట్టి, గడియ వేసి తీసి చూసింది. బాగా నడిచింది. అప్పుడు మిగతావి పెట్టింది.

కింది గడియకు మాత్రం కడ్డీ పూర్తిగా దిగలేదు. చూస్తే చట్రం బెజ్జం నిండా మట్టి! పుల్లతో గీకి తీసేసరికి కడ్డీ అర అంగుళం పైగా దిగింది. ఎన్నేళ్ళ నుంచి ఆ గడియ పైపైనే ఉందో ఎవరికి తెలుసు?

తుపాను ముందు రోజు మధ్యాహ్నం ఊరు ఖాళీ చెయ్యమని అధికారులు చెప్పారు. గడియ ఎంత గట్టిదైనా, వెళ్ళమన్నప్పుడు వెళ్ళాల్సిందే. కోడలు పిల్లాణ్ణి ఎత్తుకుంది. అత్త కిటికీలన్నీ మూసి గడియలు వేసింది. తూర్పు కిటికీ రెక్కను రెండు చేతులతో నెట్టి చూసింది. కదల్లేదు.

విరిగిన పాత గడియను కోడలు పారేయబోతే అత్త పడనివ్వలేదు. దొడ్డి తలుపుకి పనికొస్తుందట.