పంపు అలవాటవుతుందా? ఉబ్బసం మందులపై అపోహలు – వాస్తవాలు

బెంగళూరులో పిల్లల శ్వాసకోశ వ్యాధుల నిపుణుడు డాక్టర్ హెచ్. పరమేశ్ ఆసుపత్రికి వచ్చిన పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించగా, వారిలో ఉబ్బసం 1979లో 9 శాతం ఉండగా 1999 నాటికి 29.5 శాతానికి చేరినట్లు తేలింది. ఆసుపత్రి లెక్క కనుక దీనిని నగరమంతటికీ వర్తింపజేయలేము. కానీ వ్యాధి పెరిగినంతగా దాని మందుపై అవగాహన పెరగలేదన్నది మాత్రం స్పష్టం.

అపోహ: పంపు మొదలుపెడితే ఇక వదలదు.

మందును పీల్చే పంపులన్నీ (ఇన్‌హేలర్లు) ఒకటి కావు. ఆస్తాలిన్‌లోని సాల్బుటమాల్ నిమిషాలలో పనిచేసి నాలుగైదు గంటలు నిలుస్తుంది. సాల్మెటెరాల్, ఫార్మోటెరాల్ అనే దీర్ఘకాల శ్వాసనాళ విస్తారకాలు, అంటే ఊపిరి గొట్టాల చుట్టూ బిగిసిన కండరాన్ని సడలించే మందులు, దాదాపు 12 గంటలు పనిచేస్తాయి. పొగాకులా ఇవి వ్యసనమవ్వవు. అయితే రోజూ వాడితే, మందును అందుకునే గ్రాహకాలు కణాలపై తగ్గి, వ్యాయామం వంటి ప్రేరకాల నుంచి లభించే రక్షణ కొంత సన్నగిల్లుతుంది. జనం మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

అపోహ: మాత్ర మెతక, పంపు ఘాటు.

4 మిల్లీగ్రాముల సాల్బుటమాల్ మాత్ర ఒకటి, మోతాదులో 100 మైక్రోగ్రాముల పఫ్‌లు నలభైతో సమానం; అంటే పంపు మోతాదే చిన్నది.

అపోహ: ఆయాసం పోతే జబ్బు పోయినట్లే.

అన్నిటిలోకీ ప్రమాదకరమైన అపోహ ఇదే. ఉబ్బసానికి మూలం గొట్టాల లోపొరలోని వాపు. విస్తారకం కండరాన్ని సడలిస్తుందే గాని ఆ వాపును తగ్గించదు కనుక, పిల్లికూతలు ఆగి రోగి నిశ్చింతగా ఉన్నప్పటికీ లోపల వాపు పెరుగుతూనే ఉండవచ్చు. అమెరికాలో 1996లో మొదలైన స్మార్ట్ అనే పరిశోధనలో, అప్పటికే వాడుతున్న మందులకు అదనంగా 26,000 మందికి పైగా రోగులలో సగం మందికి సాల్మెటెరాల్‌ను, సగం మందికి ఉత్తుత్తి మందును 28 వారాలు ఇవ్వగా, ఉబ్బసం వల్ల మొదటి వర్గంలో 13 మంది, రెండో వర్గంలో ముగ్గురు మరణించారు. పరిశోధనలో పాల్గొన్నవారిలో సగానికి పైగా, వాపును తగ్గించే పీల్చే స్టెరాయిడ్ వాడనివారే. ఆ పరిశోధనను 2003లో ఆపివేశారు. ఔషధ పెట్టెలపై తీవ్ర హెచ్చరిక వచ్చింది.

అపోహ: అలాగైతే ఈ మందు మానేయడమే మేలు.

పీల్చే స్టెరాయిడ్‌తో కలిపి ఇచ్చినప్పుడు సంగతి వేరు. నాలుగు పెద్ద పరిశోధనలలో 41,297 మందిని పరిశీలించి, స్టెరాయిడ్ ఒక్కటే వాడినవారితో పోలిస్తే కలిపి వాడినవారికి తీవ్ర ముప్పు చెప్పుకోదగినంతగా పెరగలేదని తేలాక, 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జంట మందుల పెట్టెలపై నుంచి ఆ హెచ్చరికను తొలగించింది. సీరోఫ్లో, ఫోరాకార్ట్ ఇటువంటి జంట మందులే. పెట్టెపై సాల్మెటెరాల్ లేదా ఫార్మోటెరాల్ పేరు ఒక్కటే ఉండి స్టెరాయిడ్ పేరు కనిపించకపోతే వైద్యుణ్ణి అడగాలి. సొంతంగా ఆపడమూ తగదు. ఫార్మోటెరాల్ నిమిషాలలోనే పని మొదలుపెడుతుంది కనుక, స్టెరాయిడ్‌తో కూడిన ఆ పంపును ఆయాసం వచ్చినప్పుడు కూడా వాడవచ్చని అంతర్జాతీయ ఉబ్బసం మార్గదర్శకాలు 2019 నుంచి చెబుతున్నాయి. నెమ్మదిగా పనిచేసే సాల్మెటెరాల్‌కు ఆ వెసులుబాటు లేదు.